పత్తి ఎకరం ఖర్చు రాస్తాం, పసిబిడ్డ ఖర్చు ఎందుకు రాయం?

పోస్టు పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి. కొంతమందికి కోపం కూడా రావచ్చు. వచ్చినా ఫర్వాలేదు, పూర్తిగా చదివాక తిట్టండి.

మన పల్నాడులో ఏ రైతునైనా ఆపి, పత్తి ఎకరానికి ఎంత అయ్యిందయ్యా అని అడగండి. దుక్కికి ఇంత, విత్తనాలకి ఇంత, డీఏపీ ఇన్ని కట్టలు, మందు ఇన్నిసార్లు కొట్టాను, తీత కూలి కిలోకి ఇంత, కౌలు ఇంత అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అదే మనిషిని, మీ బిడ్డకి మొదటి ఏడాది ఎంత ఖర్చయ్యింది అని అడగండి. "ఏం చెప్పమంటావు అన్నా, శానా అయ్యింది" అంటాడు. ఎంత అంటే తెలియదు. దేనికి అంటే, "ఫంక్షన్లు గదా" అంటాడు.

నేను చెప్పేది ఇదే. బిడ్డ మొదటి ఏడాది పేరు చెప్పి మన ఇళ్లల్లో పెట్టే డబ్బులో ఎక్కువ భాగం బిడ్డకీ చేరటం లేదు, తల్లికీ చేరటం లేదు. వచ్చినోళ్ల విస్తట్లోకి పోతంది, ఫొటోలు తీసేవాడికి పోతంది, వడ్డీకిచ్చినోడికి పోతంది. బాలింతకు రోజూ రెండు గుడ్లు పెట్టే దగ్గరకొచ్చేసరికి మాత్రం మన చెయ్యి వెనక్కి పోతంది.

ఊరికే అనటం కాదు, లెక్క వేద్దాం. నాలుగైదు ఎకరాలు చేసుకునే మామూలు రైతు ఇంట్లో, మా చుట్టుపక్కల ఊళ్లల్లో నేను చూసిన లెక్క ఇది. మీ ఊళ్లో కాస్త అటూఇటూ ఉండొచ్చు.

సీమంతం: 35,000
బారసాల: 40,000
బిడ్డసారె (చిన్న బంగారం ముక్క, వెండి మొలతాడు, కాళ్లకి పట్టీలు, ఉయ్యాల, బట్టలు, స్వీట్లు): 75,000
అన్నప్రాసన: 15,000
మొదటి పుట్టినరోజు: 1,30,000

మొత్తం 2,95,000. ఆసుపత్రి బిల్లు ఇందులో లేదు.

పుట్టినరోజుకి లక్షా ముప్పై వేలు ఎట్టా అయ్యిద్ది అంటారా? మూడొందల మందికి యాభై కిలోల మటన్ కిలో తొమ్మిదొందల లెక్కన 45,000. చికెన్, బియ్యం, నూనె, వంటోళ్లు 20,000. హాలు 20,000. స్టేజీ, బెలూన్లు 12,000. ఫొటో, వీడియో, పైన డ్రోన్ 18,000. కేకు 3,000. ఫ్లెక్సీలు 2,000. రిటర్న్ గిఫ్టులు 9,000. కూడుకోండి, 1,29,000, దగ్గర దగ్గర లక్షా ముప్పై వేలు. వెనకాల షెడ్డులో తాగిన మందు నేను లెక్కలో వేయలేదు.

ఇంతా చేసి, కేకు కోసే టైముకి ఆ పిల్లకి నిద్ర ముంచుకొచ్చి ఉంటది. డీజే మోతకి గుక్కపట్టి ఏడుస్తంటే, ఫొటో కోసం చేతులు పట్టుకుని కత్తి పట్టిస్తారు.

ఇప్పుడు పొలం వైపు లెక్క చూడండి. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటా 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా వచ్చిందనే అనుకుందాం. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు అయితే 64,880. ఖర్చులన్నీ పోను, సొంత పొలం అయితే ఎకరానికి ఇరవై, ఇరవై అయిదు వేలు మిగిలితే గొప్ప. కౌలు చేలో అయితే అది కూడా ఉండదు. అంటే ఒక్క పుట్టినరోజు సాయంత్రం అయిదెకరాల మీద మిగిలింది మింగేసింది. మళ్లీ దుక్కికీ విత్తనానికీ ఎక్కడికి పోతాం? పురుగుమందుల కొట్టు దగ్గరకే పోతాం.

అప్పు సంగతి. మన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు. ఈ ఫంక్షన్ల మీద ఒక్క లక్ష మాత్రమే అప్పు చేశాడనుకోండి. నెలకి 2,000 వడ్డీ, ఏడాదికి 24,000.

ఇప్పుడు బాలింత తిండి లెక్క వేయండి. రోజుకి రెండు గుడ్లు 14 రూపాయలు. అరలీటరు పాలు 30. వేరుశనగపప్పు, బెల్లం, ఆకుకూర, ఒక పండు కలిపి 20. మొత్తం 64. నెలకి దగ్గర దగ్గర 2,000, ఏడాదికి 24,000.

చూశారుగా. ఫంక్షన్ అప్పుకి మనం కట్టే వడ్డీ, అసలు కాదు వడ్డీ, బాలింత ఏడాది పొడుగునా తినాల్సిన పాలు, గుడ్ల ఖర్చుతో సమానం. ఆ తల్లి తినాల్సింది వడ్డీ వ్యాపారి తింటన్నాడు. ఈ మాట కటువుగా ఉంటది, కానీ లెక్క అట్టాగే ఉంది.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లల్లో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే సగానికంటే ఎక్కువ. అట్టాంటి మనిషి కాన్పులో రక్తం పోగొట్టుకుని, తర్వాత ఏడాది పాలివ్వాలి. ఆమెకి మనం పెట్టేది ఏంది? పత్యం పేరుతో నెలరోజులు కారప్పొడి అన్నం. గుడ్డు పెడితే బిడ్డకి పడదంటారు. పప్పు వాతం అంటారు. మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పెద్దాళ్లు ఏదో అనుభవంతో చెప్పి ఉంటారని నేను గౌరవిస్తాను. కానీ పాలిచ్చే గేదెకి తౌడు, చెక్క, పచ్చిగడ్డి ఎక్కువ వేసే మనం, పాలిచ్చే ఆడమనిషికి తిండి తగ్గిస్తే పాలు ఎక్కడి నుంచి వస్తయ్యి? గేదె విషయంలో తెలిసిన సంగతి మనిషి విషయంలో ఎందుకు మర్చిపోతాం?

తర్వాత పాలడబ్బా దగ్గరకి రండి. తల్లికి పాలు చాలటం లేదని మూడోరోజే డబ్బా తెప్పిస్తారు. డబ్బా పాల మీదే పెరిగే బిడ్డకి నాలుగు రోజులకో డబ్బా కావాలి. నెలకి ఏడెనిమిది డబ్బాలు, మూడువేల పైమాటే. తల్లి తిండికి రెండు వేలు బరువు అన్నోళ్లే డబ్బాకి మూడు వేలు తీసి ఇస్తారు. సీసా సరిగ్గా ఉడకబెట్టకపోతే విరేచనాలు, ఆసుపత్రి, సెలైను, అదింకో ఖర్చు. కొంతమంది గాడిదపాలోడు వీధిలోకి వస్తే చిన్న గిన్నెడు పాలకి యాభై, వంద ఇచ్చి పట్టిస్తారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని డాక్టర్లు, ఆశా వర్కర్లు మొత్తుకుంటనే ఉన్నారు.

ఇంకో సంగతి. శిశువుల పాలపొడి, పాలసీసాల మీద మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా గట్టిగా సవరించారు. రెండేళ్ల లోపు పిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఊరికే శాంపిల్ డబ్బాలు పంచకూడదు, ఆరోగ్య సిబ్బందికి బహుమతులు ఇవ్వకూడదు. డబ్బా మీద కూడా తల్లిపాలే శ్రేష్ఠం అని రాసి తీరాలి. పురుగుమందు డబ్బా మీద బొమ్మ, గుర్తు చూసి కొట్టే మనం ఈ డబ్బా మీద రాసింది చదవం. నిజంగా పాలు పడని తల్లులు ఉంటారు, జబ్బు చేసిన తల్లులు ఉంటారు. వాళ్లకి డాక్టరు చెబితే వాడాల్సిందే. వాళ్లని ఎవరన్నా ఒక మాట అంటే నేను ఒప్పుకోను. నేను అనేది, తిండి పెట్టకుండా, పక్కలో బిడ్డని వేయకుండా, మూడోరోజే "నీకు పాలు లేవు" అని తీర్పు చెప్పే ఇంటోళ్లని.

డైపర్లు కూడా చెప్పాలి. రోజుకి అయిదు, ఒక్కోటి పది రూపాయలు అనుకుంటే నెలకి 1,500, ఏడాదికి 18,000. పాత పంచెలు, నూలు చీరలు ఇంట్లో మూలుగుతున్నయ్యి. రాత్రికి ఒకటి, ఊరెళ్లేటప్పుడు ఒకటి వాడుకోండి, తప్పులేదు. ఉతికే పని ఎవరు చేస్తారు అని ఆడవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మొగాళ్లు ఉతకాలి. స్ప్రే డబ్బా మోసే చేతికి గుడ్డ ఉతకటం బరువు కాదు.

ఇక కాన్పు. మొదటి కాన్పు పుట్టింటోళ్లదే అని మన ఆచారం. సీమంతం వాళ్లదే, ఆసుపత్రి వాళ్లదే, బిడ్డసారె వాళ్లదే. ఆ పుట్టింటాయన కూడా మనలాంటి రైతే గదా! 2025లో తులం బంగారం లక్ష దాటింది. అయినా "మనవడికి గొలుసు పెట్టలేదా" అని అడిగే నోరు మాత్రం తగ్గలేదు. బిడ్డ ఇంటి పేరు మీది, వారసుడు మీవాడు, ఖర్చు మాత్రం వియ్యంకుడిది. ఇదెక్కడి న్యాయం? ఖర్చు సగం సగం అని పెళ్లప్పుడే మాట్లాడుకునే దమ్ము ఎంతమంది మగపెళ్లివాళ్లకి ఉంది?

ఆపరేషన్ల సంగతి కూడా వినండి. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే 21. తల్లికో బిడ్డకో ప్రమాదం ఉంటే ఆపరేషన్ చేయాల్సిందే, అది ప్రాణం నిలబెట్టిద్ది. కానీ ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవాళ్లు కూడా మన మధ్యే ఉన్నారు. ఆ బిల్లు ఎవరు కడుతున్నారో, ఆమె ఎన్ని నెలలు బరువు ఎత్తలేకపోతుందో ఎవరూ రాసుకోరు.

ప్రభుత్వం ఇచ్చేవి కూడా చాలామందికి తెలియవు. తెలిసినా "అబ్బే, గవర్నమెంటు ఆసుపత్రా" అని మూతి తిప్పుతారు. అందుకే వరసగా రాస్తన్నా.

జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011 నుంచి ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, ఉన్నన్నాళ్లు భోజనం, ఇంటికి చేర్చే బండి అన్నీ ఉచితం. ఏడాది లోపు బిడ్డకి జబ్బు చేసినా ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం.

టీకాలు పుట్టగానే, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి, తొమ్మిదో నెలలో. ఊళ్లోనే ఏఎన్ఎం ఉచితంగా వేసిద్ది. బయట వేలు పోసి అవే టీకాలు వేయించుకుని, ఆ డబ్బు కోసం గుడ్లు మానేస్తే లాభం ఏంది? డబ్బున్నోళ్లు అదనపు టీకాలు వేయించుకోవచ్చు, అది వాళ్లిష్టం.

అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకి గుడ్లు, పాలు, సరుకులు. ఆరు నెలలు నిండిన బిడ్డకి బాలామృతం రెండున్నర కిలోల ప్యాకెట్. అది గేదెకి పెట్టేవాళ్లని కూడా నేను చూశాను. బాలింత పేరు మీద వచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదికీ పులుసు పెట్టి, ఆమెకి చివర ఒకటి వేసేవాళ్లనీ చూశాను. ఆ గుడ్లు ఆమెవి, ఆమెకే పెట్టండి.

పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు చేయించండి, ఉచితం. బారసాల ముహూర్తానికి ఉన్న తొందర ఈ కాగితానికి ఉండదు మనకి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకి 5,000 వస్తయ్యి. గర్భం నమోదు చేయించుకుని పరీక్ష చేయించుకుంటే 3,000. జనన నమోదు, మొదటి విడత టీకాలు అయ్యాక 2,000. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000.

ప్రభుత్వాన్ని పొగుడుతున్నాను అనుకుంటారేమో, అదేం లేదు. ఈ డబ్బు సంగతిలో వాళ్లని కూడా అడగాలి. 2013 ఆహార భద్రత చట్టంలో ప్రతి గర్భిణికి, బాలింతకి 6,000కి తగ్గకుండా ఇవ్వాలని రాశారు. పథకం దగ్గరకొచ్చేసరికి మొదటి కాన్పుకి 5,000 చేశారు, మిగతాది జననీ సురక్షా యోజనలో సర్దుకోమన్నారు. రెండో బిడ్డ మగపిల్లాడైతే ఏమీ లేదు. ఆ పిల్లాడిని కన్న తల్లికి ఆకలి ఉండదా? 2013-14లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర 4,000. 2025-26లో 8,110. అదీ చాలదనే మనం కొట్లాడుతున్నాం. తల్లికిచ్చే ఆరువేలు మాత్రం 2025-26 నాటికీ అక్కడే ఉంది. ధర కోసం రోడ్డెక్కే మన రైతు సంఘాలు ఒక్కసారన్నా దీని గురించి మాట్లాడాయా? ఉద్యోగం చేసే ఆడవాళ్లకి 2017 నుంచి 26 వారాలు జీతంతో సెలవు ఉంది. మంచిదే, ఉండాల్సిందే. పత్తి తీసే ఆడమనిషికి సెలవు ఎవరిస్తారు?

అసలు దెబ్బ ఇక్కడే ఉంది. బిడ్డకి మూడు నెలలు నిండకుండానే తల్లి తీతకి పోతంది. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితే సాయంత్రం అయిదుకి దిగిద్ది. పాలు గడ్డకట్టి జ్వరం, ఇంటిదగ్గర బిడ్డకి సీసా. ఎందుకు పోవాలి అంటే, బారసాల అప్పు ఉంది, వడ్డీ కట్టాలి. నిరుడు మా ఊళ్లోనే ఒకమ్మాయి పరిస్థితి ఇది. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉందని ఏఎన్ఎం చెబుతానే ఉంది. ఆ అమ్మాయి బిడ్డకి కట్టిన ఫ్లెక్సీ ఇంకా సెంటర్లో వేలాడుతుండగానే ఆమె చేలో వంగి పత్తి తీస్తంది.

మరి ఎంత కావాలి బిడ్డకి ఏడాదికి? నేను వేసిన లెక్క ఇది.

తల్లి తిండి: 24,000
ఆరు నెలల తర్వాత బిడ్డ తిండి (రాగులు, పెసరపప్పు, గుడ్డు, నెయ్యి, అరటిపండు), నెలకి 500 చొప్పున ఆరు నెలలకి: 3,000
బట్టలు, సబ్బు, నూనె, దోమతెర: 4,000
రోజుకి ఒక డైపర్: 3,650
పరీక్షలకి, టీకాలకి ఆటో ఛార్జీలు: 2,000
జబ్బు చేస్తే ముట్టుకోవటానికి విడిగా: 10,000
తల్లి బదులు తీతకి కూలి మనిషి, ముప్పై రోజులు, రోజుకి 400: 12,000

మొత్తం 58,650. పుట్టినరోజు ఖర్చులో సగం కూడా కాదు.

ఆఖరి పద్దు చూసి నవ్వుతారు కొంతమంది. ఇంటి ఆడమనిషి పనికి కూలి కడతామా అని. ఎద్దు కాలు విరిగితే ట్రాక్టరు బాడుగ రాసుకుంటాం గదా, ఇదీ అంతే. ఆ 12,000 రాయకపోతే ఖర్చు పోయినట్టు కాదు, ఆమె ఒంటి మీద పడినట్టు.

ఈ డబ్బు ఒకేసారి దొరకదు, నాకు తెలుసు. మన చేతికి డబ్బు వచ్చేది పత్తి, మిరప అమ్మినప్పుడే. బిడ్డకి మాత్రం ప్రతి నెలా కావాలి. శ్రావణం, భాద్రపదంలో చేతిలో రూపాయి ఉండదు, పిల్లలకి జ్వరాలు వచ్చేది కూడా అప్పుడే. అందుకని ఇంట్లో నెల తప్పిందని తెలిసిన రోజే నోటు పుస్తకంలో ఒక పేజీ తీయండి. మొదటి తీత పత్తి అమ్మిన డబ్బులో ముందు బిడ్డ భాగం తీసి, తల్లి పేరు మీద బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయండి. మొగుడి ఖాతాలో వద్దు. ఎందుకో మొగాళ్లకి తెలుసు.

"చదివింపులు వస్తయ్యి గదా" అంటారు. వస్తయ్యి. పుస్తకంలో పేరుతో సహా రాసుకుంటాం గదా, ఎందుకు? తిరిగి పెట్టటానికి. అది ఆదాయం కాదు, వడ్డీ లేని అప్పు. వాళ్లు అయిదొందలు రాయిస్తే రేపు మనం వెయ్యి రాయించాలి.

"బంధువులు ఏమనుకుంటారు" అంటారు. మటన్ బాగుందో లేదో అనుకుంటారు, రెండు రోజులు. అప్పు తీర్చటానికి ఏ బంధువూ రాడు.

"ప్రేమ ఉండొద్దా" అంటారు. ఉండాలి. నేను పండగ వద్దనటం లేదు. బారసాల ఇంట్లో చేసుకోండి, పేరు పెట్టండి, ముత్తయిదువులకి తాంబూలం ఇవ్వండి. దగ్గరోళ్లు ముప్పై మందికి పప్పు, పాయసంతో భోజనం పెట్టండి. పుట్టినరోజుకి ఇంటి ముందు వీధిపిల్లలకి చాక్లెట్లు పంచండి. అయిదువేలల్లో అయిపోయిద్ది, పిల్ల కూడా ఏడవదు.

ఈ సంవత్సరం ఎవరింట్లో బిడ్డ పుట్టబోతుందో వాళ్లు మొహమాటం లేకుండా ఇంట్లో పెద్దాళ్లకి ఈ లెక్క చదివి వినిపించండి. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మీకు ఒక్క మాట. ఫంక్షన్ గొప్పగా చేయాలని పట్టుబట్టేది ఎక్కువగా మనమే, కుర్రోళ్లు కాదు. మనవడి మీద ప్రేమ ఉంటే ముందు కోడలి పళ్లెం చూడండి. రోజూ పళ్లెంలో రెండు గుడ్లు ఉంటే సగం బడ్జెట్ కుదిరినట్టే.

మీ ఊళ్లో లెక్క వేరేగా ఉంటే అంకెలతో రాయండి. మాట్లాడుకుందాం.